మన తొలి మంత్రివర్గం: కూర్చోబెట్టింది ఎవరు? దించగలిగింది ఎవరు?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు కవిత రాద్దామా, జ్ఞాపకాలు రాద్దామా అని ఆలోచించాం. చివరికి మాకు కాస్త తెలిసిన రాజనీతి శాస్త్రం నుంచి ఒక పాఠం రాయాలనుకున్నాం. దానికి ఒక కారణం ఉంది. ఈ పాఠం దగ్గరే మేము ఒకసారి నలుగురిలో తెల్లమొహం వేశాం. మీకు ఆ పరిస్థితి రాకూడదు.

డిగ్రీ మొదటి సంవత్సరంలో లెక్చరర్ గారు క్లాసులో మమ్మల్ని లేపి, "ప్రధానమంత్రిని ఎవరు నియమిస్తారు?" అని అడిగారు. "రాష్ట్రపతి" అన్నాం. "మిగతా మంత్రుల్ని?" "ప్రధాని సలహాపై రాష్ట్రపతి." గైడులో ఉన్నది ఉన్నట్టు చెప్పాం. "బాగుంది. మరి వాళ్లను దించేది ఎవరు?" అన్నారు. మాకు నోట మాట రాలేదు. గైడులో ఆ ప్రశ్న అక్కడ లేదు.

సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అదే ప్రశ్న మా నాన్నను అడిగాం. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేమే. నాన్న సంతకం పెట్టడం నేర్చుకున్నది మేము ఏడో తరగతిలో ఉన్నప్పుడు. చిన్నతనంలో ఒక ఆసామి దగ్గర పాలేరుగా ఉన్నాడు. ఆయన క్షణం ఆలోచించకుండా, "దానికేముందిరా, పెట్టుకున్నోడే తీసేస్తాడు. పనిలో పెట్టుకున్న ఆసామే కదా రేపటి నుంచి రావద్దనేది" అన్నాడు.

నాన్న జవాబు ఆయన చూసిన లోకానికి సరిపోయింది. బ్రిటిషు వాళ్ల పాలనకు, నిజాం పాలనకు కూడా సరిగ్గా సరిపోయింది. స్వతంత్ర దేశంగా పుట్టిన భారతదేశం మార్చినది సరిగ్గా ఈ ఒక్క విషయాన్నే. మంత్రివర్గాన్ని ఒకరు నియమిస్తారు, కానీ దాన్ని నిలబెట్టేది, దించేది మరొకరు. ఈ మార్పు ఎలా వచ్చిందో తెలిస్తే పాఠం మొత్తం తెలిసినట్టే.

కార్యనిర్వాహక వర్గం అంటే

ప్రభుత్వానికి మూడు శాఖలు ఉంటాయని మనకు తెలుసు. శాసనశాఖ చట్టాలు చేస్తుంది. కార్యనిర్వాహక శాఖ వాటిని అమలు చేస్తుంది. న్యాయశాఖ తప్పొప్పులు తేలుస్తుంది. మన హాస్టల్లో పెట్టి చూడండి. వారానికి ఇన్ని గుడ్లు పెట్టాలని మెనూ నిర్ణయించడం ఒక పని. సరుకులు తెచ్చి వండి వడ్డించడం రెండో పని. గుడ్డు రాలేదని ఫిర్యాదు చేస్తే విచారించి తేల్చడం మూడో పని. ఈ రెండో పని చేసేది కార్యనిర్వాహక వర్గం.

ఇందులో మళ్లీ రెండు రకాలు. కలెక్టరు, తహసీల్దారు, హాస్టల్ వార్డెన్ వంటి ఉద్యోగులు శాశ్వత కార్యనిర్వాహక వర్గం. ఎన్నికలతో వాళ్లు మారరు. ప్రధాని, ముఖ్యమంత్రి, మంత్రులు రాజకీయ కార్యనిర్వాహక వర్గం. ఈ వ్యాసం రెండో రకం గురించి.

స్వాతంత్ర్యానికి ముందు: పెట్టినవాడే తీసేస్తాడు

1858 చట్టంతో భారతదేశ పాలన కంపెనీ చేతుల్లోంచి బ్రిటిషు రాణి చేతుల్లోకి వెళ్లింది. ఇక్కడ వైస్రాయి, ఆయనకు ఒక కార్యనిర్వాహక మండలి. లండన్‌లో భారత వ్యవహారాల మంత్రి. ఇక్కడి మండలి జవాబు చెప్పుకోవలసింది ఆ లండన్ మంత్రికి, ఆయన ద్వారా బ్రిటిషు పార్లమెంటుకు. ఇక్కడి ప్రజలకు కాదు.

ఆ మండలిలో భారతీయులే లేరా అంటే తర్వాత తర్వాత ఉన్నారు. 1909లో సత్యేంద్ర ప్రసన్న సిన్హా మొదటి భారతీయ సభ్యుడయ్యారు. 1942 నుంచి 1946 వరకు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ గారు అదే మండలిలో కార్మిక శాఖ చూశారు. మనవాళ్లు కుర్చీలో కూర్చున్నారు కానీ, ఆ కుర్చీ ఎవరికి జవాబు చెప్పాలన్నది మారలేదు.

దీనికి ఒక మంచి ఉదాహరణ ఉప్పు పన్ను. 1923లో ప్రభుత్వం ఉప్పు పన్నును రెట్టింపు చేయాలనుకుంది. కేంద్ర శాసనసభ వద్దని తిరస్కరించింది. అప్పటి వైస్రాయి లార్డ్ రీడింగ్ తన ప్రత్యేకాధికారంతో ఆ పన్నును అమలు చేశారు. సభలో ఓడిపోయిన ప్రభుత్వం దిగిపోలేదు. పన్ను కూడా ఆగలేదు. సభ అరవగలదు, ఓటు వేయగలదు, కానీ దించలేదు. నాన్న చెప్పిన సూత్రం ఇదే.

1946 తాత్కాలిక ప్రభుత్వం: కలిసి కూర్చున్నా కలవని మంత్రులు

1946 మార్చిలో బ్రిటన్ నుంచి కేబినెట్ మిషన్ వచ్చింది. రాజ్యాంగ సభకు ఎన్నికలు జరిగాయి. 1946 సెప్టెంబర్ 2న తాత్కాలిక ప్రభుత్వం ప్రమాణం చేసింది. జవహర్‌లాల్ నెహ్రూ దానికి నాయకుడు. కానీ ఆయన పదవి పేరు ప్రధానమంత్రి కాదు, కార్యనిర్వాహక మండలి ఉపాధ్యక్షుడు. అధ్యక్షుడు వైస్రాయి వేవెల్. అంటే పాత గూటిలోనే కొత్త పక్షులు చేరాయి.

ఆ మండలిలో జగ్జీవన్ రామ్ గారు కార్మిక శాఖ తీసుకున్నారు. అప్పటికి ఆయన వయసు 38 ఏళ్లు. బీహారులోని ఒక దళిత కుటుంబం నుంచి వచ్చిన ఆయన అందరిలోకీ చిన్నవారు.

మొదట దూరంగా ఉన్న ముస్లిం లీగ్ అక్టోబర్‌లో చేరింది. దాంతో శాఖల పేచీ మొదలైంది. లీగ్ హోం శాఖ అడిగింది. సర్దార్ పటేల్ వదలనన్నారు. చివరికి ఆర్థిక శాఖ లీగ్ నాయకుడు లియాఖత్ అలీ ఖాన్‌కు వెళ్లింది. ఏ శాఖ చేసే ఖర్చయినా ఆర్థిక శాఖ దగ్గరికే రావాలి కదా. కాంగ్రెస్ మంత్రుల ప్రతిపాదనలు అక్కడ ఆగిపోతున్నాయని గొడవలు వచ్చాయి. లీగ్ మంత్రులు నెహ్రూను తమ నాయకుడిగా ఒప్పుకోలేదు. ఒకే ప్రభుత్వంలో రెండు గుంపులు వేర్వేరుగా నడిచాయి.

ఇక్కడ మనం నేర్చుకోవలసిన మాట సమష్టి బాధ్యత. మంత్రులు లోపల ఎంతైనా వాదించుకోవచ్చు. నిర్ణయం అయ్యాక అందరూ దానికి కట్టుబడాలి. ఇష్టం లేనివారు రాజీనామా చేయాలి. తాత్కాలిక ప్రభుత్వంలో లోపించింది ఇదే. పదవులు పంచుకున్నారు కానీ బాధ్యత పంచుకోలేదు.

లీగ్ తన తరఫున పంపినవారిలో బెంగాల్‌కు చెందిన దళిత నాయకుడు జోగేంద్రనాథ్ మండల్ కూడా ఉన్నారు. ఆయన న్యాయశాఖ చూశారు. ఆయన పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

1947 ఆగస్టు 15: పద్నాలుగు మంది

బ్రిటిషు పార్లమెంటు చేసిన భారత స్వాతంత్ర్య చట్టానికి 1947 జూలై 18న రాజముద్ర పడింది. ఆగస్టు 15న నెహ్రూ ప్రధానిగా పద్నాలుగు మందితో తొలి మంత్రివర్గం ఏర్పడింది. పోటీ పరీక్షలకు కూడా పనికొస్తుంది కాబట్టి పూర్తి జాబితా ఇస్తున్నాం.

1. జవహర్‌లాల్ నెహ్రూ: ప్రధాని, విదేశీ వ్యవహారాలు
2. వల్లభ్‌భాయ్ పటేల్: హోం, సమాచార ప్రసారాలు, సంస్థానాలు
3. రాజేంద్ర ప్రసాద్: ఆహారం, వ్యవసాయం
4. మౌలానా అబుల్ కలాం ఆజాద్: విద్య
5. జాన్ మథాయ్: రైల్వేలు, రవాణా
6. బల్దేవ్ సింగ్: రక్షణ
7. జగ్జీవన్ రామ్: కార్మిక శాఖ
8. సి.హెచ్. భాభా: వాణిజ్యం
9. రఫీ అహ్మద్ కిద్వాయ్: కమ్యూనికేషన్లు
10. రాజకుమారి అమృత్ కౌర్: ఆరోగ్యం
11. బి.ఆర్. అంబేడ్కర్: న్యాయం
12. ఆర్.కె. షణ్ముఖం చెట్టి: ఆర్థికం
13. శ్యామాప్రసాద్ ముఖర్జీ: పరిశ్రమలు, సరఫరాలు
14. ఎన్.వి. గాడ్గిల్: పనులు, గనులు, విద్యుత్తు

బట్టీ పట్టే ముందు ఈ జాబితాను ఒకసారి జాగ్రత్తగా చూడండి. కాంగ్రెస్‌కు సభలో తిరుగులేని బలం ఉంది. కావాలనుకుంటే పద్నాలుగు కుర్చీలూ తమవాళ్లకే ఇచ్చుకోవచ్చు. అలా చేయలేదు. ముఖర్జీ హిందూ మహాసభ నాయకుడు. షణ్ముఖం చెట్టి కాంగ్రెస్‌కు ప్రత్యర్థి అయిన జస్టిస్ పార్టీలో పనిచేసినవారు. బల్దేవ్ సింగ్ సిక్కుల ప్రతినిధి, భాభా పార్శీ, మథాయ్ ఆర్థిక శాస్త్రవేత్త. అమృత్ కౌర్ ఒక్కరే మహిళ.

అందరికంటే ఆశ్చర్యం అంబేడ్కర్ గారి పేరు. ఆయన షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ నాయకుడు. అస్పృశ్యులకు కాంగ్రెస్ ఏం చేసిందని నిలదీస్తూ 1945లో ఒక పెద్ద పుస్తకమే రాశారు. 1946లో రాజ్యాంగ సభకు బొంబాయి నుంచి ఆయనకు దారి దొరకలేదు. మండల్ వంటివారి తోడ్పాటుతో బెంగాల్ నుంచి ఎన్నికయ్యారు. దేశ విభజనతో ఆ సీటు పోయింది. అప్పుడు ఎం.ఆర్. జయకర్ ఖాళీ చేసిన స్థానంలో కాంగ్రెస్ మద్దతుతోనే బొంబాయి నుంచి 1947 జూలైలో తిరిగి సభకు వచ్చారు. ఆగస్టు 15న మంత్రి అయ్యారు. ఆగస్టు 29న రాజ్యాంగ ముసాయిదా కమిటీ ఏర్పడింది. దానికి ఆయనే అధ్యక్షుడు.

మండల్ ఏమయ్యారు? ఆయన పాకిస్తాన్ వెళ్లారు. ఆ దేశ రాజ్యాంగ సభ మొదటి సమావేశానికి తాత్కాలిక అధ్యక్షుడిగా కూర్చున్నారు. ఆ దేశపు తొలి న్యాయశాఖ మంత్రి అయ్యారు. అంటే ఒకే వారంలో పుట్టిన రెండు దేశాలకూ తొలి న్యాయమంత్రులు దళితులే. ఈ సంగతి మేము పీజీకి వచ్చేదాకా మాకు ఎవరూ చెప్పలేదు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ మంత్రివర్గం వెనుక ఉన్న సభ అందరి ఓట్లతో ఏర్పడింది కాదు. రాజ్యాంగ సభ సభ్యులను 1946లో ఎన్నికైన రాష్ట్రాల శాసనసభలు ఎన్నుకున్నాయి. ఆ ఎన్నికల్లో ఓటు హక్కు ఆస్తి ఉన్నవారికి, పన్ను కట్టేవారికి, కొంత చదువుకున్నవారికి మాత్రమే ఉండేది. మన తాతల్లో చాలామందికి లేదు. 1947 నవంబర్ 17 నుంచి ఆ రాజ్యాంగ సభే చట్టసభగా కూడా విడిగా సమావేశమైంది. జి.వి. మావలంకర్ స్పీకరయ్యారు. కాగితం మీద అధికారం గవర్నర్ జనరల్ పేరుతోనే ఉంది. ఆచరణలో మంత్రులు బడ్జెట్ తెచ్చినా, బిల్లు తెచ్చినా ఆ సభ ముందు నిలబడి ప్రశ్నలకు జవాబు చెప్పవలసి వచ్చింది.

అదే రోజు హైదరాబాదులో

మన తెలుగువాళ్లందరికీ 1947 ఆగస్టు 15 ఒకేలా రాలేదు. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి. తెలంగాణ నిజాం రాజ్యంలో ఉంది. నిజాంకూ ఒక కార్యనిర్వాహక మండలి, ఒక ప్రధానమంత్రి ఉన్నారు. 1947 చివరలో మీర్ లాయక్ అలీ ఆ పదవిలోకి వచ్చారు. ఆయన్ను పెట్టింది నిజాం ఫర్మానా. తీసేయగలిగింది కూడా ఫర్మానాయే.

1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య జరిగింది. తర్వాత మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి సైనిక గవర్నర్‌గా పాలించారు. 1950 జనవరిలో ఎం.కె. వెల్లోడి అనే ఐ.సి.ఎస్. అధికారి ముఖ్యమంత్రిగా నియమితులయ్యారు. 1952 ఎన్నికల తర్వాత బూర్గుల రామకృష్ణారావు గారు ఎన్నికైన సభకు జవాబు చెప్పే ముఖ్యమంత్రి అయ్యారు. ఐదేళ్లలో తెలంగాణ నాలుగు రకాల కార్యనిర్వాహక వర్గాలను చూసింది: రాజు పెట్టినది, సైన్యం నడిపినది, ఢిల్లీ నియమించినది, ప్రజలు ఎన్నుకున్నది. ముందటి మూడింటినీ దించే శక్తి ఇక్కడి ప్రజలు ఎన్నుకున్న సభకు లేదు. నాలుగోదానికి మాత్రమే ఆ షరతు వచ్చింది.

రాజ్యాంగ సభలో చర్చ: గట్టిగా ఉండాలా, జవాబుదారీగా ఉండాలా?

కొత్త దేశానికి ఎలాంటి ప్రభుత్వం కావాలి? సభలో భిన్నాభిప్రాయాలు వచ్చాయి. ప్రొఫెసర్ కె.టి. షా అమెరికా పద్ధతిలో శాసన, కార్యనిర్వాహక శాఖలను పూర్తిగా విడదీయాలన్నారు. కొందరు స్విట్జర్లాండ్ తరహాలో సభే మంత్రులను ఎన్నుకోవాలన్నారు. అలాగైతే అల్పసంఖ్యాకులకూ చోటు దొరుకుతుందని వారి వాదన.

1948 నవంబర్ 4న ముసాయిదాను సభ ముందు పెడుతూ అంబేడ్కర్ గారు దీనికి జవాబిచ్చారు. ఆయన వాదన సారాంశం ఇది. ప్రభుత్వానికి రెండు గుణాలు కావాలి: స్థిరత్వం, జవాబుదారీతనం. రెండూ సమానంగా ఇచ్చే పద్ధతి ఇంతవరకు దొరకలేదు. అమెరికా అధ్యక్షుడు నిర్ణీత కాలం కదలకుండా ఉంటాడు, అది స్థిరత్వం. అక్కడ ప్రజలు ప్రభుత్వాన్ని బేరీజు వేసేది ఎన్నికలు వచ్చినప్పుడు. పార్లమెంటరీ పద్ధతిలో ఆ పని రోజూ జరుగుతుంది. సభ్యులు ప్రశ్నలు, తీర్మానాలు, అవిశ్వాస తీర్మానాల ద్వారా రోజూ చేస్తారు. ఎన్నికల్లో ప్రజలు చేస్తారు. ముసాయిదా స్థిరత్వం కంటే జవాబుదారీతనానికే ఎక్కువ విలువ ఇచ్చింది.

ఈ ఎంపిక ఎవరి కోసం? ఆస్తి, పలుకుబడి ఉన్నవాడు ఏ ప్రభుత్వంలోనైనా తన పని చేయించుకుంటాడు. నిలదీసి అడిగే హక్కు తప్ప మరేమీ లేనివాడికే రోజువారీ జవాబుదారీతనం అవసరం. మేము అర్థం చేసుకున్నది ఇది.

రాజ్యాంగం చెప్పిన పద్ధతి

1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన రాజ్యాంగం ప్రకారం కేంద్రంలో మంత్రివర్గం ఏర్పడే క్రమం ఇది. రాష్ట్రాల్లో రాష్ట్రపతి స్థానంలో గవర్నర్, ప్రధాని స్థానంలో ముఖ్యమంత్రి అని చదువుకోండి.

• ఎన్నికల తర్వాత లోక్‌సభలో మెజారిటీ ఉన్న నాయకుడిని రాష్ట్రపతి ప్రధానిగా నియమిస్తారు. ప్రధాని సలహాపై ఇతర మంత్రులను నియమిస్తారు (75వ అధికరణ).
• మంత్రులు పదవీ ప్రమాణం, రహస్య పరిరక్షణ ప్రమాణం చేస్తారు.
• ఏ సభలోనూ సభ్యత్వం లేనివారు కూడా మంత్రి కావచ్చు. ఆరు నెలల్లోగా సభ్యులు కాలేకపోతే పదవి పోతుంది.
• మంత్రిమండలి రాష్ట్రపతికి సలహా ఇస్తుంది (74వ అధికరణ). ఆ సలహా ప్రకారమే నడుచుకోవాలని 1976లో 42వ సవరణ స్పష్టం చేసింది. ఒకసారి పునఃపరిశీలనకు తిప్పి పంపవచ్చని 1978లో 44వ సవరణ చేర్చింది.
• మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహిస్తుంది.
• 2003లో చేసిన 91వ సవరణ ప్రకారం ప్రధానితో కలిపి మంత్రుల సంఖ్య లోక్‌సభ సభ్యుల్లో 15 శాతం మించకూడదు. 543 మందికి లెక్క వేస్తే 81. ఆంధ్రప్రదేశ్‌లో 175 మంది సభ్యులకు 26.

మంత్రిమండలి, కేబినెట్ ఒకటి కాదు. అన్ని స్థాయుల మంత్రులూ కలిస్తే మంత్రిమండలి. ముఖ్య శాఖలున్న సీనియర్ మంత్రుల చిన్న బృందం కేబినెట్. అసలు నిర్ణయాలు జరిగేది అక్కడే. విచిత్రం ఏమిటంటే, కేబినెట్ అనే మాట మొదట రాజ్యాంగంలో లేదు. 44వ సవరణతో 352వ అధికరణలోకి వచ్చింది.

ఇప్పుడు మా లెక్చరర్ గారి ప్రశ్నకు జవాబు చూడండి. నియమించేది రాష్ట్రపతి. దించేది లోక్‌సభ. కనీసం 50 మంది సభ్యులు లేచి బలపరిస్తే అవిశ్వాస తీర్మానం చర్చకు వస్తుంది. అది నెగ్గితే ఒక్క మంత్రి కాదు, ప్రధానితో సహా అందరూ దిగాలి. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం విశ్వాస తీర్మానంలో 269-270 ఓట్ల తేడాతో పడిపోయింది. ఒక్క ఓటు. 1923లో ఉప్పు పన్ను దగ్గర సభకు లేని శక్తి ఇదే.

ఆచరణలో ఎలా నడిచింది?

సమష్టి బాధ్యత తొలి మంత్రివర్గంలోనే పరీక్షకు వచ్చింది. నెహ్రూ, లియాఖత్‌ల మధ్య కుదిరిన ఢిల్లీ ఒప్పందం నచ్చక 1950 ఏప్రిల్‌లో ముఖర్జీ రాజీనామా చేశారు. ప్రణాళికా సంఘం విషయంలో విభేదించి అదే ఏడాది మథాయ్ తప్పుకున్నారు. 1951 సెప్టెంబర్‌లో అంబేడ్కర్ గారు రాజీనామా చేశారు. హిందూ కోడ్ బిల్లును పక్కన పెట్టడం, షెడ్యూల్డు కులాల పట్ల నిర్లక్ష్యం, కేబినెట్ కమిటీల్లో తనకు చోటివ్వకపోవడం, విదేశాంగ విధానం ఆయన చెప్పిన కారణాలు. పదవి కోసం నోరు మూసుకుని కూర్చోలేదు. 1954లో మన వి.వి. గిరి గారు కూడా బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వం మార్చడాన్ని వ్యతిరేకించి కార్మిక మంత్రి పదవి వదిలేశారు. ఆయన పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికైనవారు.

1951 అక్టోబర్ నుంచి 1952 ఫిబ్రవరి వరకు తొలి సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. మన తాతలకు, అమ్మమ్మలకు మొదటిసారి ఓటు వచ్చింది. 489 స్థానాల్లో కాంగ్రెస్ 364 గెలిచింది. అప్పుడు ఏర్పడిన మంత్రివర్గమే అందరి ఓట్లతో వచ్చిన సభకు జవాబు చెప్పిన మొదటి కేంద్ర మంత్రివర్గం. ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం 1954 నవంబర్‌లో మద్యనిషేధం విషయంలో వచ్చిన అవిశ్వాస తీర్మానంతో పడిపోయింది. ఎంత పెద్ద నాయకుడైనా సభ లెక్కకు తలవంచాల్సిందే.

పక్కనే పాకిస్తాన్‌ను చూడండి. అదే స్వాతంత్ర్య చట్టం, అదే నమూనా. 1953 ఏప్రిల్‌లో అక్కడి గవర్నర్ జనరల్ గులాం మహమ్మద్, ప్రధాని ఖ్వాజా నజీముద్దీన్‌ను తొలగించారు. అంతకు కొద్ది రోజుల ముందే సభ ఆ ప్రభుత్వపు బడ్జెట్‌ను ఆమోదించింది. మరుసటి ఏడాది అక్టోబర్‌లో రాజ్యాంగ సభనే రద్దు చేశారు. 1958లో సైనిక పాలన వచ్చింది. నియమించినవాడి చేతికే దించే అధికారం మళ్లీ వెళ్లిపోయింది. మండల్ గారు అప్పటికే, 1950లోనే, రాజీనామా చేసి భారత్‌కు తిరిగి వచ్చేశారు.

మన దగ్గర అలాంటిది జరగలేదని మురిసిపోవద్దు. 1984 ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్, ఎన్.టి. రామారావు గారికి మెజారిటీ పోయిందంటూ ఆయన్ను సభలో బలం చూపించుకోనివ్వకుండానే తొలగించి, నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేశారు. రాష్ట్రం అట్టుడికింది. నెల తిరిగేసరికి, సెప్టెంబర్ 16న, ఎన్.టి.ఆర్. మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. 1994లో ఎస్.ఆర్. బొమ్మై కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం మెజారిటీ తేలవలసింది సభలోనే అని చెప్పింది. ఏడేళ్ల పిల్లవాడికైనా అర్థమయ్యే ఈ మాట స్థిరపడడానికి రాజ్యాంగం వచ్చాక 44 ఏళ్లు పట్టింది.

మా గుడ్ల లెక్క

చివరగా ఒక సొంత విషయం. మేము ఇంటర్ చదివేటప్పుడు ఉన్న ఒక హాస్టల్లో మొదటి ఏడాది మెస్ కమిటీ పేర్లు ఆఫీసులోనే రాసి గోడకు అంటించారు. పప్పు నీళ్లలా ఉందని అడిగితే, "మమ్మల్ని పెట్టింది సారు, మీరెవరు అడగడానికి?" అనేవాళ్లు. రెండో ఏడాది కొత్త వార్డెన్ గారు వచ్చారు. గదికొకరిని మీరే ఎన్నుకోండి, నేను సంతకం పెడతాను, నెలకోసారి అందరి ముందు లెక్క చదవాలి, నచ్చకపోతే చేతులెత్తి మార్చుకోండి అన్నారు. మా గది తరఫున మేము ఎన్నికయ్యాం. గుడ్ల లెక్క మాది.

మొదటి రెండు నెలలు బాగానే చదివాం. తర్వాత పరీక్షలని, తలనొప్పి అని రెండు నెలలు లెక్క చదవలేదు. ఒక్క గుడ్డు కూడా మేము తినలేదు. అయినా మూడో నెల సమావేశంలో చేతులు లేచాయి. లేచిన చేతుల్లో మా పక్క మంచం మీద పడుకునే స్నేహితుడి చెయ్యి కూడా ఉంది. మమ్మల్ని తీసేశారు. వారం రోజులు వాడితో మాట్లాడలేదు. మేము దొంగతనం చేయలేదు కదా అని ఏడుపు వచ్చింది.

ఇప్పుడు అర్థమవుతోంది. మేము తిన్నామని కాదు, జవాబు చెప్పలేదని దించారు. వాడు చేసింది సరైన పని. ఈ సంచిక వాడికీ చేరుతుంది కాబట్టి అందరి ముందు చెబుతున్నాం.

ఈ సంగతి నాన్నకు కూడా చెప్పాం. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే సంతకం పెట్టినాయన కాదు తీసేసింది" అన్నాడు. "కాదు నాన్నా, తినేవాళ్లు" అన్నాం. "నా రోజుల్లో ఇది లేదురా" అన్నాడు.

తమ్ముళ్లూ, కింది ప్రశ్నలకు పుస్తకం చూడకుండా జవాబులు రాయండి. సందేహం వస్తే వార్షికోత్సవం రోజున మమ్మల్ని పట్టుకుని అడగండి. ఈసారి తలనొప్పి అని తప్పించుకోం.

1. 1946 తాత్కాలిక ప్రభుత్వానికి, 1947 మంత్రివర్గానికి గల ముఖ్యమైన తేడాలు రాయండి.
2. సమష్టి బాధ్యత అంటే ఏమిటి? ఇద్దరు మంత్రుల రాజీనామాలతో వివరించండి.
3. స్థిరత్వం, జవాబుదారీతనం: రాజ్యాంగ నిర్మాతలు దేనికి మొగ్గు చూపారు? ఎందుకు?
4. మంత్రిమండలికి, కేబినెట్‌కు తేడా ఏమిటి?
5. మీ హాస్టల్ మెస్ కమిటీని ఎవరు నియమించారు? ఎవరు దించగలరు?

మీ అందరి చదువులు బాగా సాగాలని కోరుకుంటూ,

ఒక పూర్వ విద్యార్థి,
ఎం.ఏ. (రాజనీతి శాస్త్రం)